భూసేకరణ నోటీసు వస్తే బాడుగ అంగడివాళ్ళు ఏం చేయాలి?

మధురై నుంచి తిరునల్వేలికి బస్సులో పోతుంటే విరుదునగర్, సాత్తూర్, కోవిల్పట్టి, కయత్తారు వరసగా వస్తాయి. ఈ దారిలోని మిఠాయి అంగళ్ళు, నూనె కొట్లు, మిరపకాయ, పప్పుల మండీలు, సైకిల్ షాపులు, దర్జీ కొట్లలో చాలా భాగం బాడుగ కట్టడాల్లోనే నడుస్తున్నాయి. కట్టడం ఒకరిది, వ్యాపారం ఇంకొకరిది. మామూలు రోజుల్లో ఈ తేడా ఎవరికీ పట్టదు. రోడ్డు వెడల్పుకో, ఓవర్‌బ్రిడ్జికో ప్రభుత్వం స్థలం కొలవడం మొదలుపెట్టిన రోజున మాత్రం అన్నీ ఆ తేడా మీదే తేలతాయి.

ఒక ఉదాహరణ అనుకుందాం. కోవిల్పట్టిలో ఒక కుటుంబం ఇరవై రెండేళ్ళుగా బాడుగ అంగట్లో కడలై మిఠాయి చేసి అమ్ముతోంది. అదే, మనం ఇంట్లో చెనక్కాయ మిఠాయి అనేది. 2020లో ఆ ఊరి పేరు మీదే భౌగోళిక గుర్తింపు పొందింది. అంగడి యజమాని వాళ్ళకు దూరపు చుట్టం. అడ్వాన్సు రెండు లక్షలు నోటిమాట మీద ఇచ్చారు. బాడుగ ప్రతి నెలా చేతికే ఇస్తారు. పొయ్యి, పొగగొట్టం, షట్టరు, అద్దాల బీరువాలు కుటుంబం సొంత ఖర్చుతో పెట్టుకుంది. ఇప్పుడు నోటీసు వచ్చింది. అందులో ఉన్నది పట్టాదారు పేరు ఒక్కటే. ఇరవై రెండేళ్ళ వ్యాపారానికి ఆ కాగితంలో చోటు లేదు.

ఇలాంటి కుటుంబానికి చట్టంలో హక్కు ఉందా? ఉంది. కాని అది అడిగినవాళ్ళకు, గడువులోపల అడిగినవాళ్ళకు, రుజువు చూపినవాళ్ళకు మాత్రమే దక్కే హక్కు. అదెలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

మన ఇళ్ళలో ఈ చిక్కు ఎందుకు ఎక్కువ?

నాయుళ్ళు, రెడ్లు, రాజులు, దేవాంగులు, అరుంధతీయులు, ఇంకా ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ నల్లరేగడి సీమలో తరతరాలుగా ఉన్నాయి. కోవిల్పట్టి పక్కన ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ మన వలస కథనే 'గోపల్ల గ్రామం' అనే తమిళ నవలగా రాశారు. ఇంతకాలం కలిసి బతికిన చోట అంగడి ఇచ్చేవాడూ తీసుకునేవాడూ తరచు ఒక ఊరివాళ్ళో, ఒక వంశంవాళ్ళో అయి ఉంటారు. "మనవాళ్ళే కదా, కాగితం ఎందుకు?" అన్న మాట అక్కడే పుడుతుంది. కాగితం అడిగితే నమ్మకం లేదని అనుకుంటారేమోనని సంకోచం. ఆ నమ్మకంతో ఏళ్ళ తరబడి ఏ తగువూ లేకుండా గడిచి ఉండవచ్చు. అయితే కొలతలకు వచ్చిన అధికారి చూసేది కాగితాన్నే.

ముందు తేల్చుకోవాల్సింది: ఇది సేకరణా, ఆక్రమణ తొలగింపా?

రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. గోడ మీద ఎర్ర గుర్తు పెడతారు, తర్వాత యంత్రం వస్తుంది. చట్టంలో మాత్రం వీటికి పొత్తు లేదు. పట్టా భూమిని ప్రభుత్వం తీసుకుంటే అది సేకరణ, దానికి పరిహారం ఉంటుంది. అంగడి గాని, దాని ముందరి మెట్లు, రేకులు గాని పురంబోకులో ఉంటే అది ఆక్రమణ లెక్క. 1905 నాటి భూ ఆక్రమణ చట్టం కిందనో, హైవే చట్టం కిందనో నోటీసు ఇచ్చి తీసేస్తారు. పరిహారం ఉండదు.

కాబట్టి నోటీసు రాగానే అందులోని సర్వే నంబరు చూసి, ఆ నంబరుకు పట్టా, కొలతల పటం గ్రామ పాలనాధికారి దగ్గరో, తాలూకా ఆఫీసులోనో తీసుకోండి. కొన్ని అంగళ్ళ విషయంలో లోపలి గది పట్టాలోనూ ముందరి నాలుగైదు అడుగులు పురంబోకులోనూ ఉంటాయి. అప్పుడు రెండింటికీ వేరువేరుగా జవాబు ఇవ్వాలి.

తోపుడుబండి మీదో, రోడ్డు పక్కనో అమ్ముకునేవాళ్ళకు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఉంది. ఆ చట్టం ప్రకారం తరలించే ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలి.

ఏ చట్టం కింద తీసుకుంటున్నారు?

భూసేకరణకు ఒకే చట్టం లేదు. గడువులు చట్టాన్నిబట్టి మారతాయి. నోటీసు పైభాగంలోనే చట్టం పేరు, సెక్షన్ నంబరు ఉంటాయి. ముందు చదవాల్సింది అదే.

జాతీయ రహదారి అయితే 1956 నాటి జాతీయ రహదారుల చట్టం. పాత ఏడో నంబరు, ఇప్పటి 44వ నంబరు రహదారి, రాజపాళయం మీదుగా పోయే 744వ నంబరు రహదారి దీని కిందకే వస్తాయి. 3ఏ ప్రకటన వచ్చిన 21 రోజుల్లో అభ్యంతరం రాసి ఇవ్వాలి. పరిహారం తేల్చే ముందు అధికారి రెండు స్థానిక పత్రికల్లో ప్రకటన ఇచ్చి, ఆ భూమిలో హక్కు ఉన్నవాళ్ళందరినీ క్లెయిములు ఇమ్మని పిలవాలి. భూమి ప్రభుత్వానికి చెంది, పరిహారం జమ అయ్యాక ఖాళీ చేయడానికి ఇచ్చే నోటీసు గడువు 60 రోజులు.

రాష్ట్ర రహదారులు, వాటి బైపాసులకు తమిళనాడు హైవేల చట్టం, 2001. పరిశ్రమల కోసమైతే 1997 నాటి రాష్ట్ర చట్టం. ఈ రెండింటినీ 2019లో మద్రాసు హైకోర్టు చెల్లవని అంది. అదే ఏడాది రాష్ట్రం కొత్త చట్టం చేసి వీటిని మళ్ళీ నిలబెట్టింది, 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ కొత్త చట్టాన్ని సమర్థించింది. వీటి కింద అభ్యంతరానికి ఎన్ని రోజులో నోటీసులోనే రాసి ఉంటుంది.

మిగతావాటికి 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 2013 నాటి కేంద్ర భూసేకరణ చట్టం. ఇందులో అభ్యంతరాలకు 60 రోజులు. పరిహారం లెక్క, పునరావాసం విషయంలో ఈ 2013 చట్టపు షెడ్యూళ్ళే జాతీయ రహదారులకూ పై రాష్ట్ర చట్టాలకూ వర్తిస్తాయి. అందుకే బాడుగదారుడు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది దీన్నే.

2013 చట్టం బాడుగదారుణ్ణి ఎలా చూస్తుంది?

రెండు పేర్లతో చూస్తుంది. ఒకటి "ఆసక్తి గల వ్యక్తి". ఆ భూమి మీద పరిహారంలో వాటా కోరేవాళ్ళు, రాష్ట్ర చట్టాల ప్రకారం కౌలు, బాడుగ హక్కు ఉన్నవాళ్ళు, సేకరణవల్ల ముఖ్య జీవనాధారం దెబ్బతినేవాళ్ళు అందరూ ఇందులోకి వస్తారు. పట్టా ఉండాలని లేదు. 21వ సెక్షన్ ప్రకారం ఆ స్థలంలో ఉంటున్న అనుభవదారుకు కూడా కలెక్టరు విడిగా నోటీసు ఇవ్వాలి. 28వ సెక్షన్ పరిహారం లెక్కకట్టేటప్పుడు చూడాల్సినవాటిలో రెండు మనకు ముఖ్యం: సంపాదనకు కలిగిన నష్టం, వ్యాపార స్థలం మార్చుకోవాల్సి వచ్చినందుకు అయ్యే సముచితమైన ఖర్చు.

రెండో పేరు "బాధిత కుటుంబం". సొంత భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్ళుగా అక్కడ బాడుగదారుగానో, చేతిపనివాళ్ళుగానో, పనివాళ్ళుగానో ఉండి ముఖ్య జీవనాధారం పోగొట్టుకునే కుటుంబం కూడా బాధిత కుటుంబమే. పట్టణాల విషయంలోనూ మూడేళ్ళ జీవనాధారం మాట విడిగా రాసి ఉంది. ఈ మూడేళ్ళు రుజువు చేయడంలోనే చాలామంది ఆగిపోతారు.

బాధిత కుటుంబాలకు రెండో షెడ్యూలులో ఉన్నవి ఇవి. ప్రాజెక్టులో ఉద్యోగాలు వస్తే ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షల రూపాయలు, లేదా నెలకు కనీసం 2,000 చొప్పున 20 ఏళ్ళు. ఈ మూడింటిలో ఒకటి. ఒకేసారి ఇచ్చే పునరావాస భత్యం 50,000. స్థానం కోల్పోయిన చిన్న వ్యాపారికి, చేతిపనివాడికి, స్వయం ఉపాధి పొందేవాడికి కనీసం 25,000. నిర్వాసిత కుటుంబంగా గుర్తిస్తే ఏడాదిపాటు నెలకు 3,000 జీవన భృతి, సామాను తరలించడానికి 50,000.

ఈ అంకెలు చూసి వెంటనే కూడిక వేసుకోకండి. ఏవి మీకు వర్తిస్తాయో పునరావాస అధికారి జరిపే సర్వేలో, ఆ తర్వాత ప్రకటించే పథకంలో తేలుతుంది. సర్వేలో పేరు లేనివాళ్ళకు ఇవేవీ తమంతట తాము రావు. ముసాయిదా పథకం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిపినప్పుడు పేరు లేదని రాతపూర్వకంగా చెప్పడం ఆఖరి అవకాశం అనుకోండి.

గజాల లెక్కలో బాడుగదారుడు ఎక్కడ?

హైదరాబాదు పాతబస్తీలో ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా మెట్రో కోసం రోడ్డుకు ఇరువైపులా ఆస్తులు సేకరిస్తున్నారు. చదరపు గజానికి 81,000 రూపాయలని ధర కట్టి, 2025 జనవరిలో చెక్కులు పంచడం మొదలుపెట్టారు. ఆస్తి యజమానికి ఈ లెక్క సులువుగా అర్థమవుతుంది. కొలిచిన గజాలు ఎన్నో చూసుకుంటే చాలు. బాడుగదారుకు మాత్రం ఒక్క గజమూ లేదు. అతను పోగొట్టుకునేది ఆ మూల మీద దొరికే గిరాకీ, అప్పు మీద సరుకు ఇచ్చే టోకు వ్యాపారి నమ్మకం, పండగకు తప్పకుండా వచ్చే ఖాతాదారులు. వీటిని కొలిచే టేపు ఏ సర్వేయరు దగ్గరా లేదు. అందుకే వీటిని లెక్కల పుస్తకాల ద్వారా చూపించాలి.

భూమి లేనివాడి నష్టాన్ని ప్రభుత్వాలు గుర్తించిన సందర్భాలు లేకపోలేదు. అమరావతి భూసమీకరణలో భూమి ఇచ్చిన రైతులకు కౌలు ఇస్తూనే, పని పోయిన భూమిలేని పేద కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను మొదట్లో నిర్ణయించారు. అమెరికాలో 1970 నుంచి ఉన్న పునరావాస చట్టం కేంద్ర నిధులతో జరిగే పనులవల్ల అంగడి ఖాళీ చేసే బాడుగదారుకు తరలింపు ఖర్చు నేరుగా అతనికే ఇస్తుంది, యజమాని చేతుల మీదుగా కాదు. అయితే అక్కడ కూడా లీజు కాగితంలో "సేకరణ జరిగితే పరిహారమంతా యజమానిదే" అన్న షరతు మీద సంతకం పెట్టేసి స్థలం విలువలో తమ వాటా పోగొట్టుకునేవాళ్ళు ఉన్నారు. ఇక్కడ కూడా కొత్త ఒప్పందం రాసుకునేటప్పుడు అలాంటి వాక్యం ఉందేమో చూసుకోవడం మంచిది.

యజమానికీ బాడుగదారుకూ మధ్య

చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాల్సింది ఇది. నోటీసు వచ్చేదాకా ఒకటిగా ఉన్న ఇద్దరి ప్రయోజనం నోటీసు వచ్చాక రెండుగా చీలుతుంది. 22వ సెక్షన్ ప్రకారం కలెక్టరు యజమానిని అడగవచ్చు: ఈ స్థలంలో బాడుగదారులు ఎవరు, గత మూడేళ్ళలో ఎంత బాడుగ వచ్చింది? బాడుగను లెక్కల్లో చూపని యజమాని ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి వెనుకాడతాడు. "నువ్వు పేరు పెట్టకు, వచ్చినదాంట్లో నీకు ఇంత ఇస్తాను" అంటాడు. చుట్టం కాబట్టి మనం తలూపుతాం.

ఇంకో ప్రమాదం ఉంది. 2019 ఫిబ్రవరి నుంచి తమిళనాడులో పాత బాడుగ నియంత్రణ చట్టం పోయి 2017 నాటి కొత్త చట్టం వచ్చింది. దీని ప్రకారం బాడుగ ఒప్పందం రాతలో ఉండాలి, రెంట్ అథారిటీ దగ్గర నమోదు కావాలి. రాతలో ఒప్పందం చేసుకోకపోవడమే ఖాళీ చేయించడానికి ఒక కారణంగా చట్టంలో ఉంది. అంటే కాగితం లేని బాడుగదారుణ్ణి పరిహారం తేలకముందే బయటికి పంపే దారి యజమాని చేతిలో ఉన్నట్టే.

అందుకే నోటీసు రాకముందే ఒప్పందం రాసుకుని నమోదు చేయించుకోండి. ఎప్పటినుంచి ఉంటున్నారు, బాడుగ ఎంత, అడ్వాన్సు ఎంత, షట్టరు, పొయ్యి, యంత్రాలు ఎవరు పెట్టించారు అన్నవి అందులో ఉండాలి. సేకరణ జరిగితే భూమి, కట్టడం విలువ యజమానిదని, వ్యాపార నష్టం, తరలింపు ఖర్చు, పునరావాసం బాడుగదారువని, అడ్వాన్సు ఎప్పుడు తిరిగి ఇవ్వాలో కూడా రాసుకోండి. ఇది యజమానికి వ్యతిరేకమైన కాగితం కాదు. పునరావాస షెడ్యూలులో బాడుగదారుకు వచ్చే డబ్బు యజమాని భూమి ధరలోంచి కోసి ఇచ్చేది కాదని చెబితే చాలామంది యజమానుల అనుమానం తీరుతుంది. తగాదా వచ్చేది ముఖ్యంగా భూమి, కట్టడం పరిహారంలో వాటా అడిగినప్పుడే.

బాడుగ ఇకనుంచి బ్యాంకు ద్వారానో, ఫోను ద్వారానో పంపండి. నోటీసు వచ్చిందని బాడుగ ఆపకండి. బాకీ పడితే అదీ ఖాళీ చేయించడానికి కారణమే.

ఏ కాగితాలు దాచుకోవాలి?

మూడేళ్ళకు పైగా అక్కడే వ్యాపారం చేస్తున్నారని చూపేది ఏదైనా పనికొస్తుంది. మున్సిపాలిటీ వ్యాపార లైసెన్సు, వృత్తి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, జీఎస్టీ, ఆదాయపు పన్ను కాగితాలు, తినుబండారాల అంగడికి ఆహార భద్రత లైసెన్సు, ఉద్యమ్ నమోదు, బ్యాంకు పాసుపుస్తకం, టోకు వ్యాపారి బిల్లులు. వీటిలో అంగడి చిరునామా ఒకే రకంగా ఉందా చూసుకోండి. ఒకదాంట్లో పాత డోరు నంబరు, ఇంకోదాంట్లో కొత్తది ఉంటే ఇప్పుడే సరిచేయించండి. లైసెన్సు ఇంకా తండ్రి పేరు మీదే ఉంటే వారసుల పేరుకు మార్పించండి.

కొలతల రోజు అంగడి మూసి పోవద్దు. మీరు పెట్టించిన ప్రతిదాన్నీ చూపించి, అది మీది అని జాబితాలో రాయమని అడగండి. రాయకపోతే అదే రోజు ఫోటోలతో ఒక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

తమిళ నోటీసులో గుర్తుపట్టాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. ఇంట్లో తమిళం చదవడానికి తడుముకునే పెద్దవాళ్ళ కోసం చెబుతున్నాం. "నిల ఎడుప్పు" అంటే భూసేకరణ. "ఇళప్పీడు" అంటే నష్టపరిహారం. "ఆట్చేపణై" అంటే అభ్యంతరం. "వాడగైదారర్" అంటే బాడుగదారు. "అనుబోగదారర్" అంటే అనుభవదారు. ఈ చివరి రెండు మాటల పక్కన మీ పేరు ఉందో లేదో చూడండి.

ఎక్కడికి వెళ్ళాలి?

కోవిల్పట్టివాళ్ళకు విరుదునగర్ దగ్గరే అయినా వాళ్ళ జిల్లా తూత్తుకుడి, కలెక్టరు ఆఫీసు అక్కడే. విరుదునగర్ జిల్లావాళ్ళకు కలెక్టరు ఆఫీసు విరుదునగర్‌లో ఉంది, జిల్లా కోర్టు మాత్రం శ్రీవిల్లిపుత్తూర్‌లో ఉంది. జాతీయ రహదారి పనుల్లో సాధారణంగా భూసేకరణకు నియమించిన జిల్లా రెవెన్యూ అధికారి, ఆయన కింద ప్రత్యేక తాసిల్దారు ఈ పని చూస్తారు. అర్జీ చేతికి ఇస్తే ముద్ర వేసిన నకలు తీసుకోండి, పోస్టులో పంపితే రిజిస్టరు చేయండి.

డబ్బు తీసుకునేటప్పుడు మొత్తం మీద ఒప్పుదల లేకపోతే "అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను" అని రాసి సంతకం పెట్టండి. 2013 చట్టం ప్రకారం ఆ మాట లేకుండా తీసుకున్నవాళ్ళు మొత్తం చాలలేదని తర్వాత అడగలేరు. అవార్డు మీద అభ్యంతరం ఉంటే, అది ఇచ్చినప్పుడు మీరు హాజరై ఉంటే ఆరు వారాల్లోపల కలెక్టరుకు రాసి, విషయాన్ని భూసేకరణ అథారిటీకి పంపమని కోరాలి. జాతీయ రహదారుల చట్టం కింద మొత్తం మీద తగాదా మధ్యవర్తి దగ్గరికి, యజమానికీ మీకూ మధ్య వాటా తగాదా సివిల్ కోర్టుకు పోతాయి. అంతకుమించి మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనం ఉంది.

వకీలు ఖర్చు భరించలేనివాళ్ళు జిల్లా న్యాయ సేవల సంస్థను అడగవచ్చు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. అంగడి లైసెన్సు ఇంటి ఆడవాళ్ళ పేరు మీద ఉన్న కుటుంబాలకు, చెప్పుల అంగళ్ళు నడిపే అరుంధతీయ కుటుంబాలకు ఇది నేరుగా ఉపయోగపడుతుంది.

ఆస్తి హక్కు 1978లో ప్రాథమిక హక్కుల జాబితాలోంచి పోయినా, రాజ్యాంగం 300ఏ అధికరణలో మిగిలే ఉంది. 2024 మేలో కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఆ అధికరణను వివరిస్తూ, ఆస్తి తీసుకునే ముందు నోటీసు ఇవ్వడం, చెప్పేది వినడం, కారణాలతో నిర్ణయం ఇవ్వడం, న్యాయమైన పరిహారం ఇవ్వడం తప్పనిసరి అని చెప్పింది. వినడం ప్రభుత్వం బాధ్యత. చెప్పడం మన బాధ్యత.

మన ఉదాహరణలోని మిఠాయి అంగడి కుటుంబానికి ఇంకా సమయం ఉందనుకుందాం. ఈ వారం వాళ్ళు చేయాల్సిన పనులు మూడే: నోటీసులో చట్టం పేరు, తేదీ చూసి గడువు గోడ మీది క్యాలెండరులో గుర్తుపెట్టడం, చుట్టమైన యజమాని ఇంటికి వెళ్ళి ఆ ఒప్పందం మాట ఎత్తడం, తమ పేరున ఒక అర్జీ రాసి రసీదు తెచ్చుకోవడం. మూడింటిలో కష్టమైనది రెండోదే. అది నోటీసు రాకముందే, సంక్రాంతికో చిత్తిరై పండగకో ఇళ్ళలో కలుసుకున్నప్పుడే అయిపోతే మరీ మంచిది.